ఏనుగు మల్లమ్మ కొండ మీద ఒక గుర్రం

మొన్న ఎండాకాలంలో తిరుపతి వేడి తట్టుకోలేక నలుగురం హార్సిలీ హిల్స్‌కి పోయాం. నేను, నా భార్య, ఎనిమిది నెలల పాప, మా అమ్మ. మదనపల్లె దాటి ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే అమ్మ అడిగింది: "హార్సిలీ అంటే ఏమిరా? గుర్రమా?"

"గుర్రమే మా. కొండ గుర్రం మాదిరి కనిపిస్తుందేమో," అన్నాను. చిన్నప్పుడు స్కూల్ నుంచి ఇక్కడికి వచ్చినప్పుడు ఎవరో అట్లాగే చెప్పిన గుర్తు.

"గుర్రమూ లేదు, గాడిదా లేదు. మీ తాత దీన్ని ఏనుగు మల్లమ్మ కొండ అనేవాడు," అంది అమ్మ.

ఆ రాత్రి కొండ మీద గదిలో ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. పాపకి పాస్‌పోర్ట్ అప్లికేషన్ సగంలో ఆగిపోయి ఉంది. 'సర్‌నేమ్' అన్న గడి దగ్గర ఆగింది. అందులో ఏం రాయాలో మా ఇంట్లో రెండు వారాలుగా తేలడం లేదు. మా ఇంటిపేరా? నాన్న తన పేరు చివర పెట్టుకున్న కులం పేరా? నా పేరా? నా పాస్‌పోర్ట్‌లో సర్‌నేమ్‌గా మా ఇంటిపేరు ఉంది. మా అన్న పాస్‌పోర్ట్‌లో కులం పేరు ఉంది. ఒకే తల్లికి పుట్టిన ఇద్దరం, విమానాశ్రయాల లెక్కలో రెండు వేర్వేరు కుటుంబాలం. ఫారం పక్కన పెట్టి హార్సిలీ సంగతి వెతకడం మొదలుపెట్టాను. నిద్ర రాకపోతే ఎవరైనా చేసే పనే. కానీ ఆ వెతుకులాట తిరిగి తిరిగి ఆ గడి దగ్గరికే తీసుకొచ్చింది.

*

హార్సిలీ అంటే ఒక మనిషి, ఇంకా కచ్చితంగా చెప్పాలంటే ఒక మనిషి ఇంటిపేరు. డబ్ల్యూ. డి. హార్స్‌లీ అనే ఆయన పంతొమ్మిదో శతాబ్దం రెండో సగంలో కడప కలెక్టరు. అప్పట్లో మదనపల్లె కడప జిల్లాలో ఉండేది. చిత్తూరు జిల్లా పుట్టిందే 1911 ఏప్రిల్ 1న. ఉత్తర ఆర్కాటు నుంచి కొన్ని తాలూకాలు, కడప నుంచి మదనపల్లె, వాయల్పాడు తెచ్చి కలిపితే అయిన జిల్లా అది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలను మళ్ళీ చీల్చినప్పుడు ఈ కొండ అన్నమయ్య జిల్లాలోకి పోయింది. జిల్లా పేరు ఎన్నిసార్లు మారినా కొండ పేరు మాత్రం ఆ కలెక్టరుదే.

నాలుగు వేల అడుగుల పైనున్న ఈ కొండ చల్లదనం ఆయనకు నచ్చింది. 1870 ప్రాంతంలో ఇక్కడ వేసవికి ఒక ఇల్లు కట్టించుకున్నాడు. కలెక్టరు ఉన్నచోటే కచేరి కాబట్టి పరిపాలన కూడా కొంతకాలం కొండెక్కింది. మ్యాపుల్లోకి ఆయన ఇంటిపేరు ఎక్కింది. మన నాలుక దాన్ని అలాగే ఉంచలేదు. స్కూలుని ఇస్కూలు చేసినట్టే, 'ర్స్‌లీ' పలకడం కష్టమై మధ్యలో ఒక ఇకారం దూర్చి హార్సిలీ చేసింది.

మరి హార్స్‌లీ అనే ఇంటిపేరు ఎక్కడిది? తమాషా ఏమిటంటే, నేను అమ్మకి చెప్పింది పూర్తిగా తప్పు కాదు. అది పాత ఇంగ్లీషులోని రెండు మాటల కలయిక. 'హోర్స్' అంటే గుర్రం. 'లేఅహ్' అంటే అడవిలో చెట్లు కొట్టి చదును చేసిన జాగా, తర్వాత్తర్వాత పచ్చిక నేల. మన మాటల్లో చెప్పాలంటే గుర్రాల బీడు. ఇంగ్లండ్‌లో ఆ పేరుతో ఒక ఊరు కాదు, చాలా ఊళ్ళున్నాయి. సర్రేలో తూర్పు హార్స్‌లీ, పడమటి హార్స్‌లీ అని రెండు. డెర్బీషైర్‌లో, గ్లాస్టర్‌షైర్‌లో, నార్తంబర్లండ్‌లో మరికొన్ని. సర్రే, డెర్బీషైర్ ఊళ్ళు 1086 నాటి డోమ్స్‌డే బుక్‌లోనే నమోదై ఉన్నాయి. ఇంగ్లండ్‌ను గెలిచిన విలియం తన రాజ్యంలో ఏ ఊళ్ళో ఎంత నేల, ఎన్ని నాగళ్ళు, ఎంత పన్ను అని రాయించుకున్న లెక్కల పుస్తకం అది.

ఇంగ్లీషు ఇంటిపేర్ల చివర వినిపించే 'లీ' చాలాచోట్ల ఈ లేఅహే. స్టాన్లీ అంటే రాళ్ళ బీడు. బ్రాడ్లీ అంటే వెడల్పైన బీడు. యాష్లీ అంటే యాష్ చెట్ల మధ్య జాగా. కోట్లు పెట్టి కొనే బెంట్లీ కారు పేరులో ఉన్నది ముతక గడ్డి పెరిగే బీడు. మనం డిగ్రీలో కవిత్వం చదువుకున్న షెల్లీ ఇంటిపేరులోనూ అలాంటి ఒక బీడే ఉంది. వేరే భాషలో మహా గంభీరంగా వినిపించే పేర్లు విప్పిచూస్తే పశువులు, గడ్డి, రాళ్ళు, చెట్లు. మన ఊళ్ళ పేర్లలో ఏముంటాయో అవే.

*

ఇంగ్లీషువాళ్ళకి మొదట్నుంచీ ఇంటిపేర్లు లేవు. 1066లో నార్మన్లు వచ్చేదాకా అక్కడ మనిషికి ఒక్క పేరే. ఊళ్ళో ఇద్దరు ఎడ్వర్డులుంటే గుర్తుకోసం ఒక తగిలింపు ఉండేది గానీ అది ఆ మనిషితోనే పోయేది. నార్మన్ దొరలు తమ కోటల పేర్లు, ఫ్రాన్సులోని ఊళ్ళ పేర్లు వెంట తెచ్చుకున్నారు. భూమి తండ్రి నుంచి కొడుక్కి పోవాలంటే, ఆ కొడుకు ఫలానా ఇంటివాడని తేలాలి. అట్లా ముందు భూమి ఉన్నవాళ్ళకి, తర్వాత పట్నాల్లో వర్తకులకి, చివరికి కూలీలకి ఇంటిపేర్లు వచ్చాయి. 1400 వచ్చేసరికి ఎక్కువమందికి వంశపారంపర్యంగా ఒక ఇంటిపేరు ఉంది.

ఈ మూడొందల ఏళ్ళ మార్పుని తోసింది చాలావరకు రాతకోతలే. 1377, 1379, 1381లో ఇంగ్లండ్ రాజు తలకింత అని పన్ను వేశాడు. తల పన్ను వసూలు చేయాలంటే తలకొక పేరు రాసుకోవాలి. ఊరికి పది మంది జాన్‌లుంటే ఏ జాన్ కట్టాడో ఎట్లా తెలియాలి? ఆ పన్ను మీద రైతులు 1381లో తిరగబడ్డారు. వాళ్ళ నాయకుడి పేరు వాట్ టైలర్. ఇంటికి పెంకులు నేసేవాడని ఆ ఇంటిపేరుకి అర్థం. ఆ తర్వాత 1538లో ప్రతి చర్చిలోనూ పుట్టుకలు, పెళ్ళిళ్ళు, చావులు పుస్తకంలో రాయాలన్న ఆజ్ఞ వచ్చింది. రాసిన పేరు ఇక కదలకుండా కూర్చుంది.

కదలకుండా కూర్చోవడమంటే అర్థం పోగొట్టుకోవడం కూడా. ఇంగ్లీషు కవిత్వానికి ఆదికవి లాంటి జెఫ్రీ ఛాసర్ ఇంటిపేరు ఫ్రెంచి నుంచి వచ్చింది. కాళ్ళకి తొడుక్కునేవి కుట్టేవాడని అర్థం. ఆయన తండ్రి మాత్రం ద్రాక్షసారా వ్యాపారి. కుట్టుపని ఏ తాతతోనో ఆగిపోయింది, పేరు ఆగలేదు.

పండితులు ఇంగ్లీషు ఇంటిపేర్లని సుమారుగా నాలుగు రకాలు చేస్తారు: ఊరి పేరో నేల తీరో చెప్పేవి, వృత్తి చెప్పేవి, తండ్రి పేరు చెప్పేవి, మనిషి తీరును బట్టి వచ్చిన ముద్దుపేర్లు. బ్రౌన్ నాలుగో రకం. జుట్టో ఒంటి రంగో చూసి పెట్టిన పేరు. తెలుగు నిఘంటువు కోసం తన జీతం, జీవితం ఖర్చుపెట్టిన బ్రౌన్ దొర ఇంటిపేరుకి అర్థం అంతే, చామనఛాయ! మన పొట్టి శ్రీరాములు ఇంటిపేరుని మాట అర్థంతో చూస్తే, ఇంగ్లీషు 'షార్ట్' పక్కన కూర్చోబెట్టొచ్చు. ఒలింపిక్ పతకం తెచ్చిన కరణం మల్లీశ్వరి ఇంటిపేరులో ఊరి లెక్కలు రాసే ఉద్యోగం ఉంది. కానీ మన దగ్గర అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది హార్స్‌లీ లాంటిదే: ఊరి పేరు.

*

ఇక్కడ తెలుగు వ్యాకరణం ఒక అందమైన పని చేస్తుంది. ఇల్లు అన్న మాట 'పేరు' పక్కన చేరితే 'ఇంటి' అవుతుంది. ఊరు 'ఊరి' అవుతుంది. ఏరు 'ఏటి' అవుతుంది. పాడు 'పాటి' అవుతుంది. వీటిని ఔపవిభక్తికాలు అంటారని ఇంటర్‌లో బట్టీపట్టి మర్చిపోయాం. ఇంగ్లండ్‌లో పాత రాతగాళ్ళు 'డి హార్స్‌లీ' అని రాసేవాళ్ళు. హార్స్‌లీకి చెందినవాడు అని. కాలక్రమంలో 'డి' ఊడిపోయి ఉత్త ఊరి పేరు మిగిలింది. తెలుగులో ఊడిపోవడానికి ఏమీ లేదు. సంబంధం పేరు కడుపులోనే ఉంది. ఎవరైనా 'ఫలానా పాటి' అని ఇంటిపేరు చెప్తే, ఆ ఒక్క ఇకారంలో 'ఫలానా పాడు అనే ఊరివాళ్ళం' అన్న వాక్యమంతా ఉంది.

మా ఇంటిపేరు చివర కూడా 'పాటి' ఉంది. మా చుట్టుపక్కల ఊళ్ళన్నీ పల్లెలు, పేటలు, కుప్పాలు, ఊర్లు. 'పాడు'లు మావైపు కంటే నెల్లూరు, ప్రకాశం, గుంటూరు వైపు ఎక్కువ. అంటే మావాళ్ళు ఎప్పుడో ఎక్కడినుంచో దిగినవాళ్ళే. ఇక్కడి 'పాడు'కి ఊరు అనే అర్థం. మా తాత మాత్రం వేళాకోళంగా ఇంకో అర్థం చెప్పేవాడట: "పాడైన ఊరు కాబట్టే వచ్చేసినాం. బాగుండుంటే ఆడే ఉందుము గదా."

తాత వేళాకోళంలో అసలు సూత్రం ఉంది. ఊరి పేరు ఇంటిపేరు అయ్యేది ఊరు వదిలినవాళ్ళకే. హార్స్‌లీ ఊళ్ళో అందరూ హార్స్‌లీవాళ్ళే అయినప్పుడు ఎవరినీ ఆ పేరుతో పిలవాల్సిన పనిలేదు. ఆ ఊరి వాడు లండన్ పోతేనే 'హార్స్‌లీ నుంచి వచ్చినాయన' అవుతాడు. ఊరి ఇంటిపేరంటే వదిలేసిన చిరునామా.

కాకర్ల అనే ఊరు ప్రకాశం వైపు ఉంది. ఆ పేరు ప్రపంచానికి తెలిసింది మాత్రం కావేరి ఒడ్డున తిరువయ్యూరులో బతికిన కాకర్ల త్యాగరాజు వల్ల. తాళ్ళపాక కడప సీమలో రాజంపేట దగ్గరి ఊరు. అక్కడ 1408లో పుట్టిన అన్నమయ్య తిరుమలకి వచ్చాడు. కొడుకు పెదతిరుమలాచార్యులు, మనవడు చిన్నన్న, అందరూ కొండ మీద స్వామి కొలువులోనే ఉన్నా తాళ్ళపాకవాళ్ళుగానే మిగిలారు. తిరుమల గుడిలో వాళ్ళ సంకీర్తనల రాగిరేకులు దాచిన అర పేరు కూడా తాళ్ళపాక అరే. ఒక పల్లె పేరు ఒక కుటుంబాన్ని పట్టుకుని వెళ్ళి ఇంకొకరి గుడిగోడల మధ్య ఒక గది పేరైంది. హార్స్‌లీ కొండకి జరిగిందీ పైకి ఇలాంటిదే: ఊరు మనిషికి పేరైంది, మనిషి ఇంకో చోటికి పేరయ్యాడు. తేడా ఒకటుంది. తాళ్ళపాకవాళ్ళు గదిలోకి వచ్చినప్పుడు ఆ గదికి అంతకుముందున్న పేరేదీ చెరిగిపోలేదు.

తెల్లదొరల ఇంటిపేర్లన్నీ ఒకే తీరుగా మన నేల మీద దిగలేదు. థామస్ మన్రో 1800లో నిజాం ఇచ్చేసిన దత్తమండలాలకి మొదటి ప్రిన్సిపల్ కలెక్టరు. తర్వాత మద్రాసు గవర్నరై, 1827లో పత్తికొండలో కలరాతో చనిపోయాడు. మన్రో స్కాట్లండ్ ఇంటిపేరు. ఐర్లండ్‌లో రో అనే నది దగ్గరినుంచి తరలివచ్చినవాళ్ళని ఆ వంశం చెప్పుకునే కథ. అదీ వదిలేసిన చిరునామానే. తిరుమలలో నైవేద్యం పెట్టే ఒక పెద్ద పాత్రని నేటికీ మన్రో గంగాళం అంటారు. సీమలో కొందరు తమ పిల్లలకి మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు. మ్యాపు మీద అధికారి రాసిన పేరు కాదది. ఒక పరాయి ఇంటిపేరుకి 'అప్ప' తగిలించి, నామకరణం చేసి, ఇంట్లోకి తెచ్చుకున్న పేరు. మన్రో పాలనలో రైతులకి ఎంత మేలు జరిగింది, ఎంత పన్ను పడింది అన్నది వేరే చర్చ. కానీ పేరు పెట్టిన చెయ్యి ఎవరిదన్నది ముఖ్యం.

*

హార్సిలీ కొండ కింద ఇంకో పేరు కథ ఉంది. 1895 మే నెలలో మదనపల్లెలో ఒక తెలుగు ఇంట్లో పుట్టిన పిల్లవాడు జిద్దు కృష్ణమూర్తి. జిద్దు ఇంటిపేరు. దివ్యజ్ఞాన సమాజం వాళ్ళు ఆ పిల్లవాడిని జగద్గురువుని చేస్తామని తీసుకుపోయారు. 1929లో ఆయన ఆ గురుపీఠాన్ని తనంతట తనే రద్దు చేసి బయటికి వచ్చాడు. ఈ కొండకి దగ్గర్లోని రిషి వ్యాలీ బడి ఆయన ఆలోచనతో మొదలైందే. ప్రపంచమంతా దొరికే ఆయన ఇంగ్లీషు పుస్తకాల అట్ట మీద పేరు చూడండి: జె. కృష్ణమూర్తి. ఇంటిపేరు ఒక్క అక్షరంగా కుదించుకుపోయింది. సర్‌నేమ్ చివర ఉండాలి కాబట్టి, చివర ఉన్న కృష్ణమూర్తే సర్‌నేమ్ అయి కూర్చుంది.

ఇప్పుడు కొండ మీది పేరు చూడండి: డబ్ల్యూ. డి. హార్స్‌లీ. ఆయన విషయంలో తల్లిదండ్రులు పెట్టిన పేర్లు రెండూ పొట్టి అక్షరాలయ్యాయి, ఇంటిపేరు నిండుగా నిలిచి కొండంత అయింది. కొండ పైన ఇంటిపేరు మిగిలి పేరు పోయింది. కొండ కింద పేరు మిగిలి ఇంటిపేరు పోయింది. ఒకే పద్ధతి ఇద్దరికీ పెడితే ఇలాగే అవుతుంది, ఎందుకంటే ఆ పద్ధతి ఇద్దరిలో ఒకరి ఇంట్లో పుట్టింది.

రాధాకృష్ణన్ గారిది కూడా మా పాత జిల్లా కథే. 1888లో తిరుత్తణిలో పుట్టాడు, తిరుపతి మిషన్ స్కూల్లో చదివాడు. తిరుత్తణి 1960 దాకా చిత్తూరు జిల్లాలోనే ఉండేది, ఆ ఏడాది ఏప్రిల్‌లో మద్రాసు రాష్ట్రానికి పోయింది. వాళ్ళ ఇంటిపేరు నెల్లూరు జిల్లాలోని సర్వేపల్లి. దేశానికి ఆయన ఎస్. రాధాకృష్ణన్. నెహ్రూ జీవితచరిత్ర రాసిన ఆయన కొడుకు మాత్రం ఎస్. గోపాల్‌గానో గోపాల్ రాధాకృష్ణన్‌గానో మిగలకుండా సర్వేపల్లి గోపాల్ అని నిండుగా రాసుకున్నాడు. చరిత్రకారుడు కదా, చిరునామా విలువ తెలుసు.

*

ఇంతదాకా పెద్దవాళ్ళ కథలు. చిన్నవాళ్ళకి ఏమైందో చూడాలంటే సముద్రం దాటాలి. 1860 నవంబరులో మద్రాసు నుంచి బయల్దేరిన ట్రూరో అనే ఓడ దక్షిణాఫ్రికాలోని నటాల్ చేరింది. చెరుకు తోటల్లో ఒప్పంద కూలీలుగా పోయిన మనవాళ్ళ మొదటి ఓడ అది. ఆ తర్వాత యాభై ఏళ్ళు ఓడలు పోతూనే ఉన్నాయి. ఉత్తర ఆర్కాటు జిల్లా నుంచి, అంటే అప్పట్లో చిత్తూరు, చంద్రగిరి ఉన్న జిల్లా నుంచి, చాలామంది పోయారు. ఓడ రిజిస్టర్లో ప్రతి మనిషికీ ఒక నంబరు. తర్వాత పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీది మచ్చలు. మచ్చలకి గడి ఉంది, ఇంటిపేరుకి లేదు.

గడి లేనిది రెండు తరాల్లో మాయమైంది. అక్కడి స్కూళ్ళు, కోర్టులు సర్‌నేమ్ అడిగినప్పుడు, ఉన్న గడుల్లోంచే ఏదో ఒకటి తీసి రాశారు. కొందరికి తండ్రి పేరు, కొందరికి కులం పేరు. ఇప్పుడు దక్షిణాఫ్రికా భారతీయుల్లో నాయుడూ అనే సర్‌నేమ్ ఎంత సాధారణమో చెప్పక్కర్లేదు. నాయుడు అన్న మాటని ఇంగ్లీషు చెవి విన్న తీరది. ఏ పాడు, ఏ పల్లె వాళ్ళో చెప్పే అక్షరాలు పోయాయి. వదిలేసి పోవాలనుకున్న కులం మాత్రం సముద్రం దాటి సర్‌నేమ్ అయింది.

ఇది చదివినప్పుడు నాకు చెమట పట్టింది, కొండ మీద చలిగానే ఉన్నా. ఎందుకంటే ఆ రిజిస్టరు లాంటిది నేనే ఒకటి తయారుచేశాను.

ఉద్యోగంలో చేరిన రెండో ఏడాది ఒక రిజిస్ట్రేషన్ ఫారం రాసే పని నాకు పడింది. ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్. రెండూ తప్పనిసరి, రెండిట్లోనూ కనీసం రెండక్షరాలు. ఎవరూ చెప్పలేదు, నేనే పెట్టాను. చెత్త డేటా రాకుండా అది మంచి పద్ధతని అనుకున్నాను. కొన్నాళ్ళకి ఫిర్యాదులు వచ్చాయి. ఇంటిపేరుగా ఒక్క అక్షరమే ఉన్నవాళ్ళు, తండ్రి పేరు మొదటి అక్షరమే ఉన్నవాళ్ళు, అసలు ఒక్క పేరే ఉన్నవాళ్ళు. మా పుత్తూరు, నగరి వైపు తమిళం ప్రభావంతో తండ్రి పేరు అక్షరం మాత్రమే రాసుకునేవాళ్ళు ఎంతమందో నాకు తెలుసు. నాతో బెంచీ మీద కూర్చున్నవాళ్ళే. అయినా ఆ ఫిర్యాదుకి నేను రాసిన జవాబు: "యూజర్ పూర్తి లాస్ట్ నేమ్ ఇవ్వాలి." లేనిది ఎక్కడినుంచి తెస్తారు? కొందరు తమ పేరే రెండుసార్లు కొట్టారు. చాలామంది కులం పేరు కొట్టారు. డేటాబేస్‌లో ఆ గడి కింద ఒక్కసారి కళ్ళు పరిస్తే కులాల జాబితా చదువుతున్నట్టే ఉండేది.

మనకి ఇంటిపేరు కూడా అమాయకమైన మాట కాదులెండి. పట్నంలో అద్దె ఇల్లు వెతికేటప్పుడు "మీ ఇంటిపేరేంటండీ?" అని ఓనరు అడిగితే, అది మా పాత ఊరి గురించి ఆసక్తి కాదు. పెద్ద ప్రశ్నకి చిన్న దారి. దాన్ని తడుముకోకుండా దాటగలగడం నాకు దొరికిన సౌకర్యం. ఆ ప్రశ్నతోనే ఇల్లు దొరకకుండా పోయిన స్నేహితులు నాకున్నారు. అందుకే 'మన ఇంటిపేర్లు ఎంత గొప్పవో' అని మురిసిపోవడం నావల్ల కాదు. కాకపోతే ఇంటిపేరు ఊరు చెప్తుంది, అందులోంచి కులాన్ని ఊహించాలి. పేరు చివరి తోకకి ఊహించే శ్రమ కూడా అక్కర్లేదు.

*

పొద్దున్నే అమ్మ, నేను మల్లమ్మ గుడి దాకా నడిచాం. కథ చిన్నదే. మల్లమ్మ అనే చిన్నపిల్ల ఈ అడవిలో ఉండేదట. ఏనుగులు ఆ పిల్లని సాకేవట. కొండ చుట్టూ పల్లెల్లో జబ్బుపడ్డవాళ్ళకి ఆమె నయం చేసేదట. ఒకరోజు కనపడకుండా పోయింది. జనం గుడి కట్టుకున్నారు, కొండకి ఆమె పేరు పెట్టుకున్నారు.

ఏనుగు మల్లమ్మ. పైకి అనుకుని చూస్తే అచ్చం ఇంటిపేరూ పేరూ లాగే ఉంది. నిజానికి తెలుగులో ఏనుగు అనే ఇంటిపేరు ఉంది. భర్తృహరి సుభాషితాలని తెలుగు చేసిన ఏనుగు లక్ష్మణకవిది అదే. గుర్రం అనే ఇంటిపేరూ ఉంది. కృష్ణమూర్తి పుట్టిన 1895లోనే వినుకొండలో పుట్టిన జాషువాది. అట్లా చూస్తే ఈ కొండ మీద ఏనుగు ఇంటిపేరున్న ఒక ఆడపిల్లని దించి, గుర్రాల బీడు ఇంటిపేరున్న ఒక మగవాడు ఎక్కాడు. మల్లమ్మకి ఆ పేరు ఆమెని సాకిన ఏనుగుల వల్ల వచ్చింది. తండ్రి వల్లా రాలేదు, మొగుడి వల్లా రాలేదు. నాకు తెలిసి అలా పేరు తెచ్చుకున్న ఆడవాళ్ళు తక్కువ.

హార్స్‌లీ దేశంలో పెళ్ళయిన ఆడది మొగుడి ఇంటిపేరులోకి పోవడం ఆచారం. మన దగ్గరా అంతే, "ఇంటిపేరు మారింది" అంటే పెళ్ళయిందని అర్థం. గదికి తిరిగొచ్చాక ఇదంతా నా భార్యకి ఉత్సాహంగా చెప్తూ, "కాబట్టి పాపకి సర్‌నేమ్‌గా మన ఇంటిపేరే పెడదాం, కులం పేరు వద్దు," అని తేల్చాను.

"పెట్టు. 'మన' అంటే మీ," అంది ఆమె. "మా ఇంటిపేరుకి కూడా ఊరొకటి ఉంది, తెలుసా?"

తెలియదు. ఆరేళ్ళ కాపురంలో ఎప్పుడూ అడగలేదు. చెప్పింది. కుప్పం అవతల ఒక చిన్న పల్లె.

అమ్మని అడిగాను: "నీ పుట్టింటి పేరు తెలుసు. మరి అవ్వది? అవ్వ పుట్టింటి ఇంటిపేరు ఏమి?"

అమ్మ పాపని జో కొడుతూ చాలాసేపు ఆలోచించింది. "ఏమోరా. మా అమ్మని ఎవరు అడిగినార్రా అదంతా? తలకోన పక్కనోళ్ళు అని మాత్రం అనేది."

సర్రేలో ఒక ఊరి పేరు 1086లో ఏ పుస్తకంలో ఎక్కిందో ఆ రాత్రి నేను ఫోన్‌లో పావుగంటలో తెలుసుకున్నాను. మా అమ్మమ్మ ఇంటిపేరు తెలుసుకోవడానికి ఇప్పుడు అడగడానికి మనిషి లేదు.

కిందికి దిగేముందు ఫారం నింపాను. సర్‌నేమ్ గడిలో మా ఇంటిపేరు, 'పాటి'తో సహా. మిగతాది ఆ ఫారంలో పట్టదు కాబట్టి పాప టీకాల పుస్తకం వెనక పేజీలో రాశాను. వాళ్ళమ్మ ఇంటిపేరు, ఊరు. మా అమ్మ పుట్టింటి పేరు, ఊరు. అవ్వ దగ్గర 'తలకోన పక్క' అని రాసి, ఇంటిపేరు జాగా ఖాళీగా వదిలాను.

నేను రాసిన ఆ పాత ఫారం అయితే దాన్ని తీసుకునేది కాదు.